తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఉకాయ్ బాకా

మార్చి నెలలో, ఇంకా ఒక్క ఆట కూడా మొదలవక ముందే, మా హెరాన్స్ బేస్‌బాల్ జట్టు ఈ ఏడు మూడో స్థానంలో నిలుస్తుందని చెప్పిన మనిషి తొమోసాకి ఊరు మొత్తమ్మీద ఒక్కడే. ఉకాయ్ షిగెజో. చెప్పి ఊరుకున్నాడా? తను నడిపే ఊరి స్నానశాలలో గల్లాపెట్టె దగ్గర ఎత్తు పీట మీద కూర్చుని, మగవాళ్ల వైపూ ఆడవాళ్ల వైపూ ఒకేసారి వినపడేలా చాటాడు.

"చెవులు కడుక్కుని వినండి. మూడో స్థానం! పై మూడు జట్లూ ఆడే అక్టోబరు పోటీల్లో ఆడుతున్నాం. అలా జరక్కపోతే బాకా దించేస్తా. మళ్లీ ముట్టుకుంటే నా పేరు ఉకాయ్ కాదు."

నేను అప్పుడు ఆడవాళ్ల వైపు తలంతా సబ్బు పట్టించుకుని కూర్చున్నాను. నవ్వు ఆగక నురగ నోట్లోకి పోయింది.

"షిగెజో అన్నా! ఉన్నవే ఆరు జట్లు. అందులో మనం ఆరేళ్లుగా ఆరో స్థానం. పోనీ ఐదు అని చెప్పు, ఎవరైనా నమ్ముతారు," అన్నాను గోడ ఇవతల నుంచి.

"నువ్వెళ్లి నీ కొట్లో ఉడాన్ సేమ్యా ఉడికించుకో మిచియే. బేస్‌బాల్ సంగతి నాకొదిలెయ్."

వెనక బాయిలర్ గదిలోంచి ఆయన భార్య ఫుసాయె వదిన అందుకుంది. "దించేస్తే నాకే పండగ! ముప్పై ఏళ్లుగా ఆ బాకా మోతకు నా చెవులు చిల్లులు పడిపోయాయి. ఓడిపోండి నాయనా, మీకు పుణ్యముంటుంది!"

రెండు వైపులా అందరూ నవ్వారు. ఉకాయ్ మాత్రం నవ్వలేదు. బాకా దించడమంటే ఆయనకు ఏమిటో మైదానంలో మా కుడివైపు స్టాండ్ వాళ్లకు తెలుసు. ఆయనకు పిల్లల్లేరు. సముద్రం వైపు షికారుకెళ్లే అలవాటు లేదు. తాగేది కూడా అంతంతమాత్రం. స్నానశాల, ఫుసాయె వదిన, ఆ బాకా. అంతే ఆయన బతుకు.

మా దగ్గర ఆటకు వెళ్లడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. మా బ్యాటర్లలో ఒక్కొక్కడికీ ఒక్కో పాట ఉంటుంది. వాడు బ్యాట్ పట్టుకుని నిలబడగానే పాట మొదలవ్వాలి, వాడి వంతు అయ్యేదాకా ఆగకూడదు. మా బృందంలో మొదటి స్వరం ఎత్తేది ఉకాయ్. ఆయన వెనకే నా పెద్ద డోలు, నా వెనక వేల గొంతులు. పాటలు కట్టేది కూడా ఆయనే. ఎదుటి జట్టు బ్యాటింగ్‌కి దిగితే మాత్రం మేం నోరు మూసుకుంటాం. అప్పుడు గోల చేసే హక్కు ఎడమవైపు స్టాండ్‌లో ఉన్న వాళ్ల అభిమానులది. వాళ్ల వంతులో మనం వాయిద్యం ముట్టకూడదు. నా మోచెయ్యి పొరపాటున డోలుకు తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది నాకు.

ఇక సెగావా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ కుదరదు.

సెగావా హైస్కూలు ముగించి నేరుగా మా జట్టులోకి వచ్చాడు. మొదటి శీతాకాలమంతా రోజూ సాయంత్రం ఉకాయ్ స్నానశాలకే వచ్చేవాడు. ఒళ్లంతా దెబ్బలు, మాట్లాడితే సిగ్గు. ఉకాయ్ వాడి దగ్గర డబ్బు పుచ్చుకునేవాడు కాదు, పైగా స్నానం అయ్యాక చల్లటి పాలసీసా చేతిలో పెట్టేవాడు. వాడు మొదటి హోమ్ రన్ కొట్టిన వారానికే వాడికి పాట కట్టాడు. మా పాటలన్నిటిలో అదే గొప్పదని ఇప్పటికీ నా మాట. పదకొండేళ్లు ఆ పాట మీద నేను డోలు కొట్టాను. జట్టు ఎంత చెత్తగా ఆడినా సెగావా వంతు వస్తుందంటే ఎవరూ మూత్రానికి కూడా లేచేవాళ్లు కాదు.

పోయిన శీతాకాలం వాడు కితానో బేర్స్‌కి వెళ్లిపోయాడు. వాళ్లు బోలెడు ఇస్తామన్నారు, వెళ్లాడు. నాకు కడుపు మండిపోయింది. వాడి పేరున్న తువ్వాలుతో ఇప్పటికీ నా కొట్లో బల్లలు తుడుస్తున్నాను. ఉకాయ్ మాత్రం వాడిని పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారే కోపం వచ్చింది, అదీ మా బృందం పెద్ద నిషికిదో మీద. నిషికిదో నలభై ఏళ్లవాడు, సిటీ బస్సు నడుపుతాడు, నియమం అంటే ప్రాణం పెడతాడు.

"బాబాయ్, సెగావా పాట బాగుంటుంది కదా, ఊరికే పారేయడం దేనికి? కుర్రాడు దొమోన్‌కి ఇచ్చేద్దాం. పేరు మారిస్తే చాలు. అన్ని జట్లవాళ్లూ అలాగే చేస్తారు," అన్నాడు.

"దొమోన్ కాళ్లకి సెగావా బూట్లు తొడుగుతావా? బొబ్బలెక్కుతాయి. వాడికి వేరేది కడతాను. ఆ పాట జోలికి ఎవడైనా వచ్చాడో, బాయిలర్‌లో వేసి కాలుస్తా!"

అన్నట్టుగానే దొమోన్‌కి కొత్త పాట కట్టాడు. గబగబా పరిగెత్తే పాట. మొదట్లో నా చేతులకు అస్సలు లొంగలేదు. తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

ఏప్రిల్ నుంచి మొదలైంది మా ఖర్మ. ఓడిన రోజు ఉకాయ్ స్నానశాల నీళ్లు సలసలా కాగుతుంటాయి. కోపంలో బాయిలర్‌లోకి కట్టెలు ఎక్కువ తోస్తాడు మరి. టీవీ చూడని ముసలమ్మలు కూడా కాలిబొటనవేలు ముంచి, "అయ్యో, ఇవాళ కూడానా!" అనేవాళ్లు. జూన్‌లో వరసగా ఓడిపోతూ ఉంటే ఒక టాక్సీ డ్రైవరు ఎర్రగా ఉడికిపోయి బయటికొచ్చి, "ఉకాయ్ గారూ, మూడో స్థానం అన్నారు. కింద నుంచి లెక్కేస్తే అదీ వచ్చేట్టు లేదే!" అన్నాడు.

ఇంకొకడైతే ముఖం చాటేసేవాడు. ఈయన పీట మీద ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

"నువ్వు మీటరు చూసి బండి నడుపుతావు, రోడ్డు చూడవు. సెగావా ఉన్నన్నాళ్లూ మనవాళ్లు ఏం చేశారు? అన్న వచ్చి కొడతాడులే అని బేస్ మీద నిలబడి గోళ్లు కొరుక్కున్నారు. ఇప్పుడు అన్న లేడు. ఆకలేస్తే ఎవరికి వాళ్లే వండుకోవాలి. మే నెలలో మాడ్చారు, జూన్‌లో ఉప్పెక్కువేశారు. ఆగస్టు రానియ్, నువ్వే ఇంకో గిన్నెడు అడుగుతావు."

"పిచర్లేరీ? ఆ ఇరుమా కుర్రాడు బంతి ఎటు విసురుతాడో వాడికే తెలీదు."

"వాడి ఫోర్క్ బంతి చూశావా? నేరుగా వస్తూ వస్తూ బ్యాట్ ముందుకొచ్చి గోతిలో పడ్డట్టు కిందికి జారిపోతుంది. దాన్ని కొట్టేవాడు ఇంకా పుట్టలేదు. మన మేనేజరు పిసినారి. ఆ భుజాన్ని వాడకుండా దాచిపెడుతున్నాడు. సెప్టెంబరులో తీస్తాడు. అప్పుడు చెప్పు. ఈ పిల్లలకు ఎవరి సాయమూ అక్కర్లేదు, వాళ్లంతట వాళ్లే వస్తారు పైకి!"

వెళ్లేవాళ్లందరికీ ఇదే పురాణం. నాకు విసుగొచ్చి, "అన్నా, కాస్త నీళ్లు చల్లార్చి తర్వాత జోస్యాలు చెప్పు," అని అరిచేదాన్ని.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆయన చెప్పినట్టే జరిగింది. ఆగస్టు ఎండల్లో బయట ఊళ్లకు ఆడటానికి పోయిన జట్టు గెలుస్తూ గెలుస్తూ తిరిగొచ్చింది. దొమోన్ కుర్రాడు కొత్త పాటకు కాళ్లు అలవాటు చేసుకున్నాడు. సెప్టెంబరులో మేనేజరు ఇరుమాని ప్రతి ఆట చివరా దింపడం మొదలెట్టాడు. మేం ఐదుకు ఎక్కాం, నాలుగుకు ఎక్కాం. స్నానశాలలో నీళ్లు గోరువెచ్చగా, హాయిగా ఉండేవి. "నీళ్లు మరీ బాగుంటున్నాయి, దిగినవాళ్లు లేవట్లేదు," అని ఫుసాయె వదిన గొణుగుడు. ఆమె కూడా రాత్రి రేడియో పెట్టుకుని వింటోందని నాకు తెలుసు. అడిగితే ఒప్పుకోదు.

చివరికి ఆఖరి ఆట మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం, మా మైదానంలో, కితానో బేర్స్‌తో. గెలిచినవాళ్లు మూడో స్థానం, అక్టోబరు పోటీలు. ఓడినవాళ్లు ఇంటికి. మా వైపు ఓడితే ఉకాయ్ బాకా కూడా ఇంటికే.

"భయంగా ఉందా అన్నా?" అని అడిగాను డోలు బిగించుకుంటూ.

"భయమెందుకు? వచ్చే ఏడు కప్పు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నా."

"ఈ ఏడుది తేలనీ ముందు!"

"తేలిపోయింది. నీకింకా తెలియలేదు, అంతే."

మనిషిని చూస్తే ఒళ్లు మండేది, చూడకపోతే తోచేది కాదు. అలాంటి మనిషి.

సెగావా బేర్స్ బట్టల్లో బ్యాట్ పట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు మేం నోరు మెదపలేదు. ఉకాయ్ బాకాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమవైపు వాళ్లు వాడికి కట్టిన పాట పాడారు. ఏడ్చినట్టుంది ఆ పాట. నాలుగో ఇన్నింగ్స్‌లో వాడు రెండు పరుగులు తెచ్చి మా కొంప ముంచాడు. ఆరో ఇన్నింగ్స్‌లో మా దొమోన్ బంతిని గోడకేసి కొట్టి మూడు పరుగులు తెచ్చాడు. దొమోన్ పాట వాయిస్తుంటే ఉకాయ్ మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి. మూడు, రెండు. మేం ముందున్నాం.

తొమ్మిదో ఇన్నింగ్స్. బేర్స్ ఆఖరి వంతు. ఇరుమా బంతి పట్టుకున్నాడు. ఇద్దరు అవుట్, ఒకడు రెండో బేస్ మీద. బ్యాటర్ ఎవరు? ఇంకెవరు, సెగావాయే. ఇంకొక్కడు అవుటైతే మాదే ఆట.

మా మేనేజరు ఆట ఆపించి ఇరుమా దగ్గరికి నడిచాడు. ఎడమవైపు డోళ్లు కూడా ఆగాయి. మేనేజరు వెనక్కి వెళ్లిపోయాడు. సెగావా బ్యాటర్ నిలబడే పలక దగ్గరికొచ్చి, బ్యాట్ కొసతో మట్టిలో అడ్డంగా ఒక గీత గీశాడు. వాడికది మొదట్నుంచీ అలవాటు. ఆ గీత గీయడమే మాకు సైగ. గీత పడిందంటే ఉకాయ్ మొదటి స్వరం ఎత్తాలి. పదకొండేళ్లు అలాగే జరిగింది.

గీత పడింది. బాకా మోగింది.

ఎడమవైపు వాళ్లది కాదు, మాది. సెగావా పాత పాట, మొదటి వరస మొత్తం, ఒక్క స్వరం తప్పకుండా. దేవుడా! నా చేతులు కూడా కర్రలు పైకెత్తాయి. నా వెనక ఎవరో ఇద్దరు ముగ్గురు "సెగావా" అని పాట కూడా అందుకున్నారు. అప్పుడు తెలిసొచ్చింది అందరికీ. ఉకాయ్ బాకాని పెదాల మీంచి తీసి, అది ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

"సిగ్గులేదురా మీకు!" అని ఎడమవైపు నుంచి అరుపులు. "వాళ్ల వంతు, బాబాయ్! వాళ్ల వంతు!" అని నిషికిదో ఏడుపు గొంతుతో అంటున్నాడు.

సెగావా చెయ్యెత్తి అంపైరుకు చూపించి పక్కకు జరిగాడు. మా కుడివైపు చూశాడు. తల దించుకుని చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ వచ్చి నిలబడ్డాడు. ఒక స్ట్రైక్. ఇంకో స్ట్రైక్. మూడోది పడితే అవుటే. ఇరుమా ఫోర్క్ బంతి విసిరాడు. నేరుగా వచ్చి వచ్చి కిందికి జారింది. సెగావా బ్యాట్ గాలిని కోసింది.

గెలిచాం. చుట్టూ ఉన్నవాళ్లు నా మీద పడిపోయారు. ఎవరో నన్ను ముద్దు కూడా పెట్టుకున్నారు. నేను అందరినీ తోసుకుంటూ ఉకాయ్ దగ్గరికి వెళ్లాను. మనిషి కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

"మూడో స్థానం అన్నా! నువ్వు చెప్పిందే అయింది! నీ బాకా నీకే!"

"ఎవరు గెలిచారు మిచియే?"

"ఏం ప్రశ్న అది? మనమే."

"మనవాళ్లు గెలిచారా, నేను గెలిపించానా? మార్చి నుంచి గొంతు చించుకుని చెప్తున్నా, ఈ పిల్లలకు ఎవరి సాయమూ అక్కర్లేదని. చివరికి వాళ్ల గెలుపు మీద నేనే బురద చల్లాను. ముసలాడు బాకా ఊది, సెగావాని ఏడిపించి, అవుట్ చేయించాడంటారు రేపట్నుంచి. కాదని నువ్వు చెప్పగలవా? నేను చెప్పలేను."

ఆయన లేచి బాకాని నిషికిదో ముందుకు చాచాడు. "నియమం తప్పాను. తీసుకో."

నియమం అంటే ప్రాణమిచ్చే నిషికిదో చేతులు రెండూ వెనక దాచుకున్నాడు. "నేను తీసుకోను. పొరపాటున జరిగింది బాబాయ్, వదిలెయ్. వచ్చే శనివారం అక్టోబరు పోటీ మొదలు. నువ్వు లేకపోతే మొదటి స్వరం ఎవరెత్తుతారు?"

"ఎవరో ఒకరు. నేను కాదు." బాకాని నిషికిదో సంచిలో తనే పెట్టి, జిప్పు లాగేశాడు. "ఇప్పుడు ఆ పిల్లాడికి క్షమాపణ చెప్పాలి. నాతో రండి."

ముగ్గురం ఆటగాళ్ల బస్సు ఆగే గేటు దగ్గరికి వెళ్లాం. అక్కడంతా బేర్స్ అభిమానులే. మమ్మల్ని చూడగానే ఒకడు, "ఏం తాతా, బస్సుకి కూడా పాట వాయిస్తావా?" అన్నాడు.

"వాయిస్తే నీ టోపీ కితానో దాకా ఎగిరిపోతుంది. తప్పుకో!" అన్నాను. తప్పుకున్నాడు.

సెగావా తడి జుట్టుతో, భుజాన సంచితో బయటికొచ్చాడు. ఉకాయ్ వాడి ముందు నడుం దాకా వంగి అలాగే ఉండిపోయాడు.

"నీ వంతు పాడుచేశాను. ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయని పని. నువ్వు గీత గీశావు, నా చెయ్యి నా మాట వినలేదు. నన్ను తిట్టు."

సెగావా సంచి కింద పెట్టాడు. తర్వాత వంగి, ఆయన రెండు భుజాలూ పట్టుకుని పైకి లేపాడు.

"ఏం పాట బాబాయ్?"

"నీ పాట. నేను ఊదానుగా."

"నాకేం వినపడలేదే. బ్యాట్ పట్టుకున్నాక నా ఊపిరి తప్ప ఇంకేదీ వినపడదు నాకు. ఎప్పుడూ అంతే. మీ దగ్గరున్న పదకొండేళ్లూ అంతే."

"మరి పక్కకు ఎందుకు జరిగావు?" అని అడిగేశాను నేను. నా నోరు ఊరుకోదు.

"కళ్లలో దుమ్ము పడింది అత్తా." నా వైపు చూడలేదు. "ఇరుమా బంతి అలా పడిపోతుందని ఎవరూ చెప్పలేదు నాకు. ఎవరు మాత్రం కొడతారు దాన్ని! వచ్చే ఏడు దానికి మందు కనిపెట్టి వస్తానని చెప్పండి వాడికి." ఆయనకు వంగి దండం పెట్టి బస్సెక్కాడు. కిటికీ తెర వేసుకున్నాడు.

ఆ రోజు తెల్లవారుజామునే జోరుగా వాన కురిసింది. మైదానం మట్టంతా తడిగా ముద్దలు కట్టి ఉంది. ఇక దుమ్మెక్కడిది? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే మా పిల్లల గెలుపు మీద మచ్చ పడుతుంది. చెప్పకపోతే ఈ మనిషి ముప్పై ఏళ్ల ఊపిరి గాలికి పోయినట్టే. పళ్లు బిగబట్టి ఉకాయ్ ముఖం వంక చూశాను. నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన కళ్లనిండా నీళ్లే, కానీ ముఖం వెలిగిపోతోంది.

"విన్నారా మీరిద్దరూ? వాడికి వినపడలేదట! అంటే మనవాళ్లే గెలిచారు. ఇరుమా బంతే! నేను కాదు, మనవాళ్లే! చెప్పానా లేదా మార్చిలో?" అంటూ నిషికిదో వీపు మీద చరిచాడు.

నిషికిదోకి పాపం నిజం దాచడం చేతకాదు. "కానీ బాబాయ్... వినపడలేదంటే మరి... ఇన్నేళ్లు మనం ఊదిందంతా..." అని నేల చూపులు చూశాడు. నేను వాడి కాలు తొక్కాను. ఆలస్యమైపోయింది.

ఉకాయ్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నిషికిదో సంచి జిప్పు తనే తీసి, బాకా బయటికి లాగి, ఊదే కొసని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"పదకొండేళ్లు ఊదినా వినపడలేదంటాడా? అయితే శనివారం ఇంకా గట్టిగా ఊదాలి."